తడిక జరిపేముందు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవారికి చోటు విలువ మరొకరు చెప్పనక్కర లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కర్మాగారం నెలకొల్పిన నాటినుంచి పొట్ట చేతపట్టుకొని ఉత్తరాంధ్రనుంచి వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఒక గదిని రెండు చేసుకొని, వరండాను వంటిల్లుగా మార్చుకొని తరాలు గడిపాయి. కొడుక్కి పెళ్లయితే నడిమి తడిక నాలుగడుగులు ఇటు జరిగేది. తడిక జరపడం ఎంతసేపు! దాని వెనక ఉన్న ట్రంకుపెట్టెలు, బియ్యం డబ్బాలు, మంచం మీది ముసలమ్మ, వీటన్నిటినీ జరపడానికే రోజంతా పట్టేది.

ఇంటి కంప్యూటరులోని హార్డ్ డిస్కు సంగతీ అంతే. మనకు సి అని, డి అని రెండు డ్రైవులుగా కనిపించేవి తరచుగా ఒకే డిస్కు మీద గీసిన హద్దులు. ఐబీఎం సంస్థ 1983లో పీసీ ఎక్స్‌టీ అనే యంత్రాన్ని 10 మెగాబైట్ల డిస్కుతో విడుదల చేసిన నాటినుంచీ ఈ ఏర్పాటు ఉంది. ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతవరకు సాగుతుందో డిస్కు ఆరంభంలో ఒక పట్టికలో రాసి ఉంటుంది. పాత పద్ధతిలో ఆ పట్టిక మొత్తం 64 బైట్లు, నాలుగు పద్దులకే చోటు. ఇప్పటి జీపీటీ పద్ధతిలో సాధారణంగా 128 పద్దులు పడతాయి. పట్టిక నకలు మరొకటి డిస్కు చివర భద్రంగా ఉంటుంది. పట్టికలో అంకె దిద్దడం క్షణంలో పని. దిద్దినంత మాత్రాన సామాను దానంతట అది జరగదు.

మా కంప్యూటరు డిస్కు 500 జీబీ. తయారీదారు వేయితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది కనుక తెరమీద కనిపించేది 465 మాత్రమే. (అమ్మేవాడి గజానికీ కొనేవాడి గజానికీ తేడా ఎక్కడైనా ఉన్నదే.) అందులో సి వాటా 100, తక్కినది డి వాటా. సి నిండిపోయింది. ఇంజనీరింగు చదువుతున్న మనవడికి కొత్త సాఫ్ట్‌వేరు వేసుకొనే వీలు లేకపోయింది. డి లో దాదాపు సగం ఖాళీ.

"డి ని కుదించి సి కి ఇచ్చేద్దాం, తాతయ్యా" అన్నాడు వాడు.

డి లో ఉన్నది మా అమ్మ గొంతు. శ్రీకాకుళం జిల్లానుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చి, ఇరుగుపొరుగుతో చక్కని బెంగాలీ మాట్లాడుతూనే, తన పెళ్లిపాటలూ మంగళహారతులూ ఒక్కటీ మరువని మనిషి. 1984లో ఆమెచేత పాడించి తొమ్మిది క్యాసెట్లు నింపాము. పాటలు కంప్యూటరులోకి ఎక్కిన కొంతకాలానికి క్యాసెట్లు బూజుపట్టి పోయాయి.

మనవడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాడు. డి ని కుదించవచ్చునట, కాని మిగిలే ఖాళీ డి చివర ఏర్పడుతుందట. సి పెరగాలంటే దానిని ఆనుకొని కుడిపక్కన ఖాళీ ఉండాలి. అక్కడ డి కూర్చుని ఉంది. మా స్టేషనులోని 1072 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని తలచుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. (ప్రపంచంలోకెల్లా పొడవైనదని ఒకప్పుడు గర్వంగా చెప్పుకొనేవాళ్లం. ఆ కిరీటం 2013లో గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్లికి తరలిపోయింది.) రెండు బళ్లు ముందూ వెనకా నిలిచి ఉన్నాయనుకోండి. వెనక బండికి ముందు వైపున రెండు పెట్టెలు తగిలించాలంటే, ముందు బండికి అవతల ఎంత ఖాళీ ఉండి ఏం లాభం? ముందు బండి మొత్తం కదలవలసిందే.

అలా కదిలించే సాధనాలు లేకపోలేదు. జీపార్టెడ్ వంటివి ఉచితంగానే లభిస్తాయి. అవి డి లోని సమాచారాన్ని కొంచెం కొంచెంగా లేపి దూరంగా పెడతాయి. మా సామాను 180 జీబీ, అంటే గంటల తరబడి పని. సగం కొత్త చోటా సగం పాత చోటా ఉన్న సమయంలో కరెంటు పోతే ఏది ఎక్కడుందో చెప్పే నాథుడుండడు. పైగా అవి వేసవి రోజులు. సాయంకాలమయ్యేసరికి ఆకాశం నల్లబడి, బెంగాలీలు కాలబైశాఖి అని పిలిచే గాలివాన విరుచుకుపడే కాలం. మా యూపీఎస్ నిలిచేది పదిహేను నిమిషాలు.

"అయితే మానేద్దామా?"

"మానవద్దు. సామాను ముందు పక్కింట్లో పెడదాం. తడిక సంగతి తరువాత చూద్దాం" అన్నాను.

బయట తగిలించే డిస్కు ఒకటి కొన్నాము. డి లో ప్రోగ్రాములేవీ లేవని చూసుకొని మనవడు నకలు తీయడం ప్రారంభించాడు. మూడో వంతు పూర్తయిందో లేదో గాలివాన వచ్చింది, కరెంటు పోయింది. డి లోని పాటలు మాత్రం చెక్కుచెదరలేదు. నకలు తీసేటప్పుడు అసలును చదవడమే తప్ప కదల్చడం ఉండదు గదా! మరునాడు ఉదయం మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాడు. ఫైళ్ల సంఖ్య, బైట్ల మొత్తం రెండు చోట్లా సరిచూశాడు.

డి ని తుడిచే ముందు వాడు చేయి ఆపి నా వంక చూశాడు. తొమ్మిదో క్యాసెట్టులోని చివరి పాట బయటి డిస్కునుంచి వినిపించమన్నాను. ఆసాంతం విన్న తరువాత నొక్కమన్నాను.

సి కి 100 జీబీ చేర్చడానికి నిమిషమైనా పట్టలేదు. కొన్ని కంప్యూటర్లలో సి పక్కనే రికవరీ భాగం ఒకటి అడ్డుగా ఉంటుంది. మాకు ఆ చిక్కు లేకపోయింది. మిగిలిన చోట కొత్త భాగం చేసి, పాత అక్షరమే, డి అనే, పెట్టాడు. అక్షరం మారితే పాత దారులు పట్టుకొని వెతికే ప్రోగ్రాములకు ఫైళ్లు దొరకవు. సామాను తిరిగి సర్దేసరికి మధ్యాహ్నం దాటింది.

బయటి డిస్కును తుడవలేదు. విజయనగరంలో మా అమ్మాయి ఇంటికి పంపించాను. నానమ్మ పాటలు వాళ్ల పిల్లలు ఇంతవరకు వినలేదట.