ఉడికే ఊరు, ఎగరని పిట్ట

మీ అబ్బాయో అమ్మాయో ఆక్లండ్‌లో ఉంటున్నారా? అయితే ఇవాళ్టి కబుర్లు మీతోనే. మీరు విమానం దిగి, ఆవకాయ సీసా కస్టమ్స్ దాటి, రెండ్రోజులు నిద్ర తీర్చుకున్నాక వాళ్లు మొట్టమొదట అనే మాట "ఈ శనాదివారాలు రోటొరువా వెళ్దాం" అని. ఇక్కడి తెలుగిళ్లలో అదొక ఆనవాయితీ. కారులో మూడు గంటలు. తప్పకుండా వెళ్లండి. వెళ్లేముందు మాత్రం వెండి పట్టీలు, మొలతాళ్లు, ఉంగరాలు తీసి బీరువాలో పెట్టండి. ఆ ఊరి గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, వెండిని నల్లగా మార్చేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. మొదటి పది నిమిషాలు కారులో అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. తర్వాత ముక్కు అలవాటు పడిపోతుంది లెండి.

నేనైతే తిన్నగా రోటొరువా పొమ్మనను. హామిల్టన్ దాటి కేంబ్రిడ్జ్ దగ్గర కాస్త పక్కకు తిరిగితే మౌంగతౌతరి అని ఒక కొండ ఉంది. 3,400 హెక్టార్ల అడవి, దాని చుట్టూ 47 కిలోమీటర్ల కంచె. జూలో కంచె లోపలివి బయటికి రాకుండా వేస్తారు కదా, ఇక్కడ బయటివి లోపలికి పోకుండా వేశారు. ఎలుకపిల్ల కూడా దూరలేనంత సన్నటి జాలీ, పిల్లి ఎక్కినా జారిపోయేలా పైన వంచిన రేకు. లోపలికి వెళ్లాలంటే రెండు తలుపులు, మొదటిది మూసుకున్నాకే రెండోది తియ్యాలి.

ఇంత కట్టుదిట్టం దేనికంటారా? న్యూజిలాండ్‌లో గబ్బిలాలు తప్ప నేల మీద బతికే స్థానిక క్షీరదమే లేదు. పులి లేదు, నక్క లేదు, ఆఖరికి ఎలుక కూడా ఉండేది కాదు. భయం లేనప్పుడు ఎగరడమెందుకని కొన్ని పిట్టలు ఎగరడమే మానేశాయి. ఆ తర్వాత మనుషులొచ్చారు, వాళ్లతో ఎలుకలొచ్చాయి. యూరోపు వాళ్లు కుందేళ్లను తెచ్చారు. అవి పొలాలు తినేస్తున్నాయని, వాటిని చంపడానికి 1880లలో స్టోట్ అనే వేటజంతువును తెచ్చి వదిలారు. సన్నగా, పొడుగ్గా, చెట్లు కూడా ఎక్కే రకం. అది కుందేళ్లతో ఆగుతుందా? గుడ్లు, పిల్లలు, దొరికిందల్లా తింది.

కంచె లోపల నడుస్తుంటే పీవాకవాకా అనే చిన్న పిట్ట తోక విసనకర్రలా విప్పి మీ వెంటే వస్తుంది. మీ మీద ప్రేమనుకునేరు. మీరు అడుగు వేసినప్పుడు లేచే పురుగుల కోసం అది. ఆకుపచ్చ, నీలం కలిసిన బొద్దు టకహే కూడా అదృష్టముంటే కనిపిస్తుంది. అంతరించిపోయిందని అందరూ అనుకున్నాక 1948లో మళ్లీ దొరికిన పిట్ట అది.

కివీ మాత్రం పగటిపూట అడవిలో కనిపించదు. దాన్ని రోటొరువాలో టె పుయా అనే సందర్శన స్థలంలో చూడాలి. అక్కడ చీకటి గదిలో పగలు రాత్రిగా, రాత్రి పగలుగా మార్చి ఉంచారు. ఫోన్లు తియ్యనివ్వరు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కాసేపు పడుతుంది. ఆ తర్వాత ఒక గోధుమరంగు బంతి పొడుగు ముక్కుతో ఆకుల్లో టకటకా పొడుచుకుంటూ, పరుగులాంటి నడకతో వచ్చేస్తుంది. పక్షుల్లో ముక్కు కొసన నాసికారంధ్రాలున్నది దీనికే, నేలలో పురుగును వాసన పట్టి తీస్తుంది. ఆడ కివీ పెట్టే గుడ్డు తన బరువులో ఐదోవంతు దాకా ఉంటుంది. పొదిగేది ఎక్కువగా నాన్న, దాదాపు రెండున్నర నెలలు. ఇంత కష్టపడి పొదిగినా కాపలా లేని అడవిలో వంద పిల్లల్లో పెద్దయ్యేవి ఐదు. అందుకే 1990ల నుంచి అడవిలోంచి గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్ల కిలో బరువు దాటాక తిరిగి వదులుతున్నారు. ఆ బరువుకు వస్తే స్టోట్‌ను కాలితో తన్నగలదు.

అదే ఆవరణలో పొహుటు ఉంది. వేడినీటి బుగ్గ అంటే చిన్నమాట, రోజుకు చాలాసార్లు 30 మీటర్ల ఎత్తు దాకా ఎగజిమ్ముతుంది. ముందు పక్కనున్న చిన్న బుగ్గ మొదలుపెడుతుంది, రాళ్ల సందుల్లో గురగుర, ఆవిరి, తర్వాత ఒక్కసారిగా నీళ్లు. వేడెక్కిన రాళ్ల మీద కూర్చుంటే కింద వెచ్చగా ఉంటుంది, నడుంనొప్పి వాళ్లు లేవరు. నాకు మాత్రం దీని వెనక కథ ఇంకా ఇష్టం. ఊళ్లో ఇంటింటికీ, హోటల్‌కూ బోరు వేసి ఉచితంగా వేడినీళ్లు తోడుకునేవారు. భూమిలో ఒత్తిడి తగ్గిపోయి, 1979లో పాపకురా అనే బుగ్గ ఆగిపోయింది. పొహుటు కూడా పోతుందేమోనని ప్రభుత్వం 1986లో కదిలింది, దాని చుట్టూ కిలోమీటరున్నర లోపు బోర్లన్నీ మూయించింది. జనం గొడవ చేశారు, చెయ్యరా మరి, చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచే నీళ్లవి! కానీ మూశారు. నీటిమట్టం పెరిగింది, బుగ్గలు కోలుకున్నాయి, 2015లో పాపకురా కూడా మళ్లీ లేచింది. బోరు ఎండితే ఇంకా లోతుకు వెయ్యడమే తెలిసిన ఊళ్లలో పెరిగినవాణ్ణి, నాకు నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు దక్షిణంగా వైయోటాపు వెళ్తారు. అక్కడ లేడీ నాక్స్ అనే బుగ్గ సరిగ్గా పొద్దున పదింపావుకు లేస్తుంది. ఎలాగంటే, ఒకాయన వచ్చి దాని నోట్లో సబ్బు పోస్తాడు. వెనకటికి ఖైదీలు బట్టలుతుకుతుంటే సబ్బు పడి నీళ్లు చిమ్మాయట, అప్పట్నుంచీ ఇదే తంతు. నా మాట వింటే అది మానెయ్యండి, ఆ టైములో అక్కడే ఉన్న షాంపేన్ పూల్ అనే వేడి మడుగు ముందు నిలబడండి. 65 మీటర్ల వెడల్పు, 74 డిగ్రీల వేడి, అంచు చుట్టూ నారింజరంగు పట్టీ. ఆ రంగు ఆర్సెనిక్, యాంటిమనీలది, కాబట్టి అందం చూసి వేలు పెట్టకండి. దగ్గర్లోనే రోడ్డు పక్కన బురద గుంట ఉంది, టికెట్ లేదు. పొయ్యి మీద సంగటిలా తుకతుకమంటూ ఉంటుంది, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

తిరుగు ప్రయాణానికి ముందు ఫాకరేవరేవా పల్లె చూడండి. 1886 జూన్ 10న తరావెరా కొండ బద్దలై సుమారు 120 మంది పోయారు, ఊళ్లు బూడిదలో కూరుకుపోయాయి. అక్కణ్ణుంచి బతికి బయటపడ్డ మావోరీ కుటుంబాల్లో కొన్ని ఇక్కడికొచ్చి స్థిరపడ్డాయి, వాళ్ల వారసులు ఇప్పటికీ ఈ ఆవిరి మధ్యే కాపురం ఉంటున్నారు. మరిగే మడుగులో మొక్కజొన్న కంకులు ఉడికించి పెడతారు. తినండి, బాగుంటాయి. నిమ్మకాయా ఉప్పుకారం మాత్రం మీరే పట్టుకెళ్లాలి.