కాకినాడవారు గర్విష్ఠులా?

మా పినతల్లి కూతురు మొన్న కోనసీమనుండి ఫోను చేసి యొక ప్రశ్న యడిగినది. ఆమె కుమారునకు కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చోటు దొరికినది. వసతిగృహపు తిండి పిల్లవానికి సరిపడదని, తానును వానితో వచ్చి నాలుగేండ్లిచట కాపురముండవలెనని తలంచుచున్నది. "అక్కా, ఇంటి సంగతి తరువాత చూసుకుందాం. ముందు ఇది చెప్పు. ఆ ఊరివాళ్ళు మాట్లాడతారా? అందరూ డాక్టర్లు, ప్రొఫెసర్లు, పింఛను పుచ్చుకునే పెద్ద ఉద్యోగస్థులేనట. మనబోటివాళ్ళ మొహం చూస్తారా?" అనినది. "చూడకేమి?" అని మేము వెంటనే యంటిమి. ఫోను పెట్టిన తరువాత మాత్రము ఆ యుత్తరము నిజమో కాదో మాకే తోచలేదు. ఎనిమిదేండ్లుగా ఈ యూర నుండియు మేమిది యెన్నడును నిలిచి యాలోచింపలేదు. ఇప్పుడాలోచించినది సోదరీమణుల ముందు పెట్టుచున్నాము.

కాకినాడ పల్లెయు కాదు, మహానగరమును కాదు. 2011 జనాభా లెక్కలలో నగరమున మూడు లక్షల పైచిలుకు జనము తేలిరి. చెన్నపట్టణమునుండి హౌరా పోవు పెద్ద రైలుమార్గము సామర్లకోట మీదుగా సాగిపోవును గాని యీ యూరిలోనికి రాదు. సామర్లకోటలో వేఱు దారి చీలి యిచటికి వచ్చును. కావున దారినిబోవుచు ఈ యూరు చూచువారు లేరు. పనిగలవారే వత్తురు. ఆ పనులలో ముఖ్యమైనది చదువు. పిఠాపురము రాజావారి విద్యాలయము 1884లో కళాశాల యైనది. 1946లో విశాఖపట్టణమున నెలకొనిన ఇంజనీరింగు కళాశాల పిదప నిచటికి తరలివచ్చి 2008లో విశ్వవిద్యాలయమైనది. రంగరాయ వైద్యకళాశాల 1958లో వెలసినది. వీనికి తోడు జిల్లా కచేరులు. ఉద్యోగము చాలించినవారు పెక్కుమంది యిచటనే ఇండ్లు కట్టుకొందురు; అందుచేతనే దీనికి పింఛనుదారుల స్వర్గమని పేరు. వీధులు గీత గీసినట్లు తిన్నగా నుండును. ఆ వీధులలో గేటు గేటునకును ఒక పలక, పలకమీద పేరు, పేరు ప్రక్కన పట్టములు, వాని క్రింద "విశ్రాంత" యను మాట. క్రొత్తగా వచ్చిన దినములలో వానిని చదువుచు నడచుటకే మాకు జంకు కలిగెడిది.

మాటలో మాత్రమీ యూరివారికి మర్యాద మెండు. పాలవాడు, ఆటోవాడు, కచేరి గుమాస్తా, ఎవ్వరును "అండి" లేక మాటాడరు. "ఆయ్" అను నొక్క మాటతో ఔననియు, వింటిననియు, చిత్తమనియు, కావలసివచ్చిన మీరు చెప్పిన పని చేయననియు గూడ చెప్పగలరు. ఇంటికి పోయినవారిని గుమ్మము దిగుచుండగా "భోంచేసి వెళ్ళండి" యందురు. మేమును గోదావరి బిడ్డలమే గనుక ఆ పిలుపునకెపుడు నిలువవలెనో, ఎపుడు చెప్పులు తొడుగుకొనవలెనో యెఱుగుదుము. మఱియొక సీమనుండి వచ్చినవారు నిజమనుకొని కూర్చుండిపోవుటయు, లోపల కోడలు కుక్కరు మరల పొయ్యిమీద పెట్టుటయు మేము కన్నులార చూచితిమి. అట్లని పిలుపంతయు కల్ల యనరాదు. సుబ్బయ్యగారి హోటలులో విస్తరిముందు కూర్చుండినవారెవరైనను చెప్పుదురు, డబ్బు పుచ్చుకొని పెట్టు చోటగూడ కొసరి కొసరి వడ్డించుట ఎట్టిదో.

ఇక మా కథ. మేము వచ్చిన యేడు శ్రావణమాసమున ఎదురింటనుండి వరలక్ష్మీవ్రతపు పేరంటమునకు పిలుపు వచ్చినది. ఆ యిల్లాలి భర్త ఒక కళాశాలలో ఆచార్యులు. పసుపు, కుంకుమ, శనగలు పుచ్చుకొని కూర్చుండితిమి. "మీవారు ఏ కాలేజీలోనండి?" అని యామె యడిగినది. "కాలేజీ కాదండి, స్కూలు" అంటిమి. ఆమె "ఓహో" యని, ప్రక్కనున్న వైద్యురాలి వంకకు తిరిగినది. అంతే జరిగినది. కాని యింటికి వచ్చి ఆ "ఓహో"ను మేమెన్ని విధముల పలికి చూచుకొంటిమో చెప్పిన నవ్వుదురు. మావారు నవ్వనే నవ్విరి. "స్కూలుకు ఓహో అనక, ఓంకారమనునా?" అనిరి. మాకు నవ్వు రాలేదు. ఆనాటినుండి మూడేండ్లు ఆ గడప త్రొక్కలేదు. వీధిలో నెదురుపడిన తల పంకించుట, అంతకుమించి లేదు.

ఈ సంగతి మా యింటి యజమానురాలితో నొకనాడు చెప్పుకొంటిమి. ఆమెకు ఎనుబది దాటినవి. ఈ యూరనే పుట్టి, ఈ యూరనే మెట్టినది. మేడమీది వాటా చూపి యామె యన్న మాట మాకు జ్ఞాపకమున్నది. "అమ్మాయీ, ఆ వాటాలో ఎన్ని కుటుంబాలు దిగి వెళ్ళాయో నాకే లెక్కలేదు. పిల్లాడి చదువని వస్తారు. నాలుగేళ్ళు అత్తయ్యగారూ అంటారు. చదువైపోగానే సామానెత్తుతారు. మొదట్లో లారీ కదిలినప్పుడల్లా ఏడ్చేదాన్ని. నాలుగేళ్ళకోసారి ఎక్కడ ఏడుస్తాం చెప్పు? ఇప్పుడు అద్దె తీసుకుంటాను, మంచినీళ్ళిస్తాను, పండక్కి బూరెలు పంపిస్తాను. అంతకంటే దగ్గరకు రానివ్వను." గర్వమని మనమనుకొను దానిలో ఎంత భాగము ఇట్టి యలసట యున్నదో ఆ దినమువఱకు మాకు తట్టలేదు. విద్యార్థులు వచ్చుచు పోవుచుండు నూరిలో పాతకాపులకు మనసు కొంచెము గట్టిపడుట సహజమేమో. అయినను ఎదురింటి "ఓహో"ను మేము మఱువలేదు.

2021 వైశాఖమున మావారికి కరోనా సోకినది. ఆ నెల యెట్టిదో ఎవరికిని చెప్పనక్కఱలేదు. మేము ఒక గదిలో, ఆయన యొక గదిలో, అమ్మాయి మధ్యనున్న నడవలో. మూడవనాటికి మాకును జ్వరము తగిలినది. అంతకుముందు ప్రతిదినము గోడమీదుగా "వదినగారూ, కూరేమిటండి?" యని పలుకరించు ప్రక్కింటివారు కిటికీ మూసికొనిరి. వారిని తప్పుపట్టము, వారింట మంచము పట్టిన అత్తగారున్నది. నాలుగవనాడు పదునొకండు గంటలకు గేటునకు ఒక క్యారియరు వ్రేలాడుచుండినది. మెత్తని యన్నము, చారు, బీరకాయ కూర. ఎవరు పెట్టిరో తెలియక చూచుచుండగా ఫోను మ్రోగినది. "ఎదురింటినుంచండి. ఉప్పు తగ్గించి వండాను. మీవారికి బీపీ ఉందన్నారు కదా" యని చెప్పి యామె పెట్టివేసినది. పదునైదు దినములు వరుసగా క్యారియరు వచ్చినది.

బీపీ సంగతి మేమామెకు ఎపుడు చెప్పితిమి? ఆ పేరంటమునాడే. శనగలలో ఉప్పెక్కువైనదని ఎవరో యనగా, మాయింట ఉప్పు వాడుక తక్కువని యొకమాట యనియుంటిమి. అది యామె వినినది, మూడేండ్లు జ్ఞాపకముంచుకొనినది. మేము వినినది "ఓహో" మాత్రమే.

లేచి తిరుగగలిగిన పిదప క్యారియరు ఉత్తదిగా నీయరాదని పనసపొట్టు కూర వండి, ఆవ పెట్టి, నింపి తీసికొని పోయితిమి. ఇక ప్రాణస్నేహితులమగుదుమని మా యూహ. ఆమె గుమ్మముననే నిలిచి, క్యారియరు పుచ్చుకొని, "ఎందుకండీ శ్రమ" యనినది. మరునాడు "కూర బాగుందండి" యని గేటువద్దనుండి చెప్పినది. నేటికిని అంతే. ఆమె తీరది. స్నేహపాత్రురాలా, గర్విష్ఠురాలా యని మా చెల్లెలడిగిన, ఆమెను ఏ గంపలో వేయవలెనో మాకు తెలియదు.

ఇక చెప్పుటకు మనసొప్పని దొకటి కలదు. మాకు పట్టములు లేవు. మా నాయనగారు ఏడవయేటనుండి యింటనే అమరము, రఘువంశము, భారతము చెప్పించిరి. అమ్మాయి బడి కాగితములో "తల్లి విద్యార్హత" యను గడి నింపవలసి వచ్చినపుడెల్ల కలము తడబడును. ఆ కొఱత తీర్చుకొనుటకో యేమో, మా పేట గుడిలో సాయంకాలము స్త్రీలు భాగవతము చదువుకొను చోటికి మేము పోవుచుంటిమి. ఒకనాడు భౌతికశాస్త్రము బోధించి విరమించిన యొక పెద్దామె గజేంద్రమోక్షణము చదువుచు ఒక సమాసమును విఱువరానిచోట విఱిచినది. మేము ఊరకుండలేదు. పదిమందిలో సరిదిద్దితిమి, సరిదిద్ది యూరకుండక, వ్యాకరణము గూడ చెప్పితిమి. ఆమె "ఆయ్, అలాగేనండి" యని పుస్తకము మూసినది. తరువాత ఆమె గుడికి రాలేదు. కొన్ని నెలలకు పూజారిగారి భార్య నోట వింటిమి: మా పేటలో మాకున్న పేరు "పొగరుబోతు పంతులమ్మ" యట! ఊరివారు గర్విష్ఠులా యని మేము తూచుచుండగా ఊరు మమ్ము తూచి కట్టిపెట్టినది. ఆ పెద్దామె యింటికి పోవలెనని రెండు పర్యాయములు బయలుదేరి, వీధి మొగనుండి తిరిగివచ్చితిమి. ఇంకను పోలేదు.

మఱియొకటి. ఉప్పుటేటి వంతెనకు ఆవలనున్న జగన్నాథపురమునుండి యొక యామె దినమును మాకు పూలు తెచ్చును. ఆ పేట 1825 వఱకు డచ్చివారి యేలుబడిలో నుండెనని మేము అమ్మాయికి చెప్పుచుండగా, "అమ్మా, పూలావిడ పేరేమిటి?" అని యది యడిగినది. మాకు తెలియలేదు. ఆమె మాత్రము మా పెండ్లిదినము ఎఱుగును; ఆనాడు మూర ఎక్కువ కొలుచును.

ఈ యూరి పెద్దలకు ఇష్టమైన కథ యొకటున్నది. 1923లో ఇచట కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున పదునాలుగేండ్ల దుర్గాబాయి స్వచ్ఛందసేవకురాలై నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ అంతవానిని లోనికి పోనీయలేదు; టిక్కెట్టు కొని యిచ్చిన పిదపనే విడిచినది. ఆయన ఆమెను మెచ్చుకొనెను. రఘుపతి వెంకటరత్నమునాయుడుగారు రాజావారి కళాశాలకు అధ్యక్షులై యున్నప్పుడు బీదవిద్యార్థుల జీతములు తాము కట్టిన మాటయు, ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెఱపించిన మాటయు అంతే మక్కువతో చెప్పుకొందురు. ద్వారమున నిలిపిన కథయు, ద్వారము తెఱచిన కథయు ఈ యూరిదే.

నిన్న మా చెల్లెలికి ఇల్లు వెదకుటకు బయలుదేరితిమి. ఎదురింటి మేడమీది వాటా ఖాళీగా నున్నదని వినియుంటిమి గనుక మొదట అచటికే పోయితిమి. ఆచార్యులవారి భార్య గేటువద్దనే నిలిచి, "మీ చెల్లెలిగారి భర్త ఏం చేస్తారండి?" యనినది. "కొబ్బరితోట చూచుకొనును" అంటిమి. "ఓహో" యనినది. మేమీమాఱు కదలక నిలిచితిమి. ఆమె కొంచెముసేపు మేడవంక చూచి, "ఎన్నాళ్ళుంటారండి?" అని యడిగినది. "నాలుగేండ్లు" అంటిమి. "నాలుగేళ్ళేనా" యని, "సరేనండి, రేపు పైన కడిగిస్తాను. వాళ్ళ అబ్బాయికి ఏ కూరలు పడవో అడిగి చెప్పండి" యని లోనికి పోయినది.