షవర్మా సీను

తెర మీద ఇంకా పేర్లు పడుతూనే ఉన్నాయి. గేటు కాడి అన్న మాత్రం పక్క తలుపులు బార్లా తీసేశాడు. మధ్యాహ్నపు ఎండ వచ్చి ముందు వరుసల మీద పడింది. జనం కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటూ లేచారు. మేం అయిదుగురం లేవలేదు. మా ఇంటి పై రూములో అద్దెకుంటూ గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్ళే సూర్యాపేట అన్న మాకు మరీ మరీ చెప్పి పంపాడు: "పేర్లు పడంగనె లేవకుండ్రి. ఎనక ఒక ముక్క ఉంటది."

నిజంగానే ఉంది. ఊదారంగు మొహం ఒకటి మెల్లగా మా వైపు తిరిగి నవ్వింది. తలుపులోంచి పడే వెలుతురుకు తెర సగం తెల్లబోయింది గనక ఆ మొహమూ సగమే కనబడింది. "ఎవడ్రా వాడు?" అన్నాడు సోడా. ఎవరికీ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి దాకా నడుచుకుంటూ వస్తూ దారంతా వాడి గురించే మాట్లాడుకున్నాం.

అది 2012 వేసవి. ఎవెంజర్స్ మన దేశంలో ఏప్రిల్ 27న విడుదలైంది, అమెరికాలో కంటే వారం ముందు. అదే రోజు జూనియర్ ఎన్టీఆర్ దమ్ము కూడా వచ్చింది. మా గల్లీలో పెద్దపిల్లలంతా కాగితాలు చింపి సంచుల్లో నింపుకుని అటు వెళ్ళారు. మూడో రోజున, ఎండలో, మేం ఇటు వచ్చాం. కొత్తపేట పండ్ల మార్కెట్లో అప్పుడు మామిడి సీజను. రోడ్డు పొడవునా లారీలు, కాళ్ళకు చుట్టుకునే వరిగడ్డి, మాగుతున్న బంగినపల్లి వాసన. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు మొదట గుర్తొచ్చేది పండు కాదు, థోర్ సుత్తి.

మా వాళ్ళ అసలు పేర్లు రాయను, గల్లీ పిలుపులే రాస్తాను. మందపాటి అద్దాలవాడు సోడా. వాళ్ళింట్లో కంప్యూటరుంది, వాళ్ళ పెదనాన్న కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు. మార్కెట్ అంటే వాళ్ళ నాన్నకు పండ్ల మార్కెట్లో కమీషన్ దుకాణం. ఆటో అంటే వాళ్ళ నాన్న నడిపేది అదే. నాలుగో మనిషి సోడా వాళ్ళ చెల్లె, మాకంటే ఏడాది చిన్నది. అయిదోవాణ్ణి నేను.

ఇంటికి చేరకముందే పెద్ద పంచాయితీ మొదలైంది. ఈ సినిమాకు హీరో ఎవరు?

తెలుగు సినిమాలు చూసి పెరిగిన మాకు ఆ ప్రశ్న తేలకపోతే అన్నం సహించదు. హీరో అంటే ఒక్కడే. వాడి ఎంట్రీకి ఈలలెన్ని పడ్డాయి, ఫైట్లెన్ని, టైటిల్ కార్డులో పేరెక్కడుంది, ఇంటర్వెల్ ముందు ఆఖరి మాట ఎవరిది, ఇవీ మా లెక్కలు. ఇక్కడేమో ఆరుగురు. సోడా లెక్కలో ఐరన్ మ్యానే హీరో, ఎందుకంటే బాంబును భుజానేసుకుని ఆకాశంలో చిల్లు దాటి వెళ్ళింది అతనే. మార్కెట్ ఒప్పుకోలేదు. "దేవుడు ఉండంగ మనిషి ఎట్ల హీరో అయితడు రా? థోర్ దేవుడు." ఆటో మాత్రం గొంతు పెంచి హల్క్ అన్నాడు. హాల్లో ఎక్కువ ఈలలు పడింది హల్క్‌కే, అది ఎవరూ కాదనలేరు. విలన్ లోకిని కాళ్ళు పట్టుకుని రేవులో బట్ట ఉతికినట్టు నేలకేసి అటూ ఇటూ బాదినప్పుడు ముందు వరుసల్లో జనం కుర్చీలెక్కారు.

పంచాయితీ మా నానమ్మ దాకా వెళ్ళింది. ఆమె గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మా అరుపులన్నీ విని ఒకటే అడిగింది. "మాయాబజార్‌ల హీరో ఎవలు రా? రామారావా? నాగేశ్వర్రావా? రంగారావా?"

మేం నోళ్ళు మూసుకున్నాం. 1957 నాటి ఆ సినిమాను దూరదర్శన్‌లోనూ కేబుల్లోనూ ఎన్నిసార్లు చూశామో. కృష్ణుడు నడిపిస్తాడు, అభిమన్యుడు ప్రేమిస్తాడు, ఘటోత్కచుడు పని జరిపిస్తాడు. ఒక్కణ్ణి తీసేసినా కథ కూలుతుంది. సోడా వాళ్ళ చెల్లె మెల్లగా అంది: "సావిత్రి." ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో దూరినప్పుడు ఆ మగ నడకంతా నడిచింది సావిత్రే కదా అని ఆమె వాదన. నానమ్మ చేట పక్కన పెట్టి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. ఇన్నేళ్ళకు నాకు అర్థమైందేమంటే, గుంపు సినిమా చూడడం మాకు అమెరికా వాళ్ళు నేర్పలేదు. మా ఇళ్ళలో అది ముందే ఉంది. 2013 సంక్రాంతికి సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు వచ్చి, పేర్లే లేని పెద్దోడూ చిన్నోడూ పక్కపక్కన నడిచినప్పుడు, మా గల్లీలో మేం మాత్రం కొత్తేమీ కాదన్నట్టు చూశాం.

వేషాలు పంచుకోవడం తర్వాతి పని. సోడాకు ఐరన్ మ్యాన్, మార్కెట్‌కు థోర్, ఆటోకు హల్క్. సోడా చెల్లెకు బ్లాక్ విడో ఇచ్చాం గానీ ఆమె సుత్తి కూడా కావాలంది, రెండు రోజులు ఏడ్చి సాధించుకుంది. నాకు హాకై మిగిలాడు. సగం సినిమా లోకి చెప్పుచేతల్లో ఉండే విలుకాడు. మొదట కష్టంగానే అనిపించింది. తర్వాత మా మూడంతస్తుల డాబా నా చోటైంది. అక్కణ్ణుంచి ఒకవైపు సరూర్‌నగర్ చెరువు, ఇంకోవైపు ఎల్బీనగర్ వెళ్ళే హైవే మీద బస్సుల పైకప్పులు కనబడేవి. ఎవరు ఎటు పరిగెత్తుతున్నారో పైనుంచి కేకేసి చెప్పేవాణ్ణి. నేను చెప్పకపోతే కింద ఆట లేదు. హాకై అంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

కెప్టెన్ అమెరికాను మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఎగరలేడు, ఉరుము రప్పించలేడు. చేతిలో పళ్ళెంలాంటి డాలు, నోటి నిండా ఆర్డర్లు, అచ్చం క్లాసు లీడరు. ఆ వేషం ఏడాది పొడుగునా ఖాళీగా ఉంది.

సూర్యాపేట అన్నకు వేరే బాధ ఉండేది. హల్క్ మనిషిగా దాక్కున్నది మన కలకత్తాలోనని మేం పొంగిపోతుంటే, ఆయనకు ఆ బస్తీని చూపించిన తీరు మింగుడుపడలేదు. అంత పెద్ద ఊరిలో రోగం, మురికి తప్ప ఇంకేం కనబడలేదా అని అడిగేవాడు. కలకత్తాలోనూ అప్పట్లో కొందరు అదే మాటన్నారు. చాలా ఏళ్ళ తర్వాత గానీ ఆయన కోపం నాకు తెలిసిరాలేదు.

ఇక అసలు గొడవ. జూన్‌లో బడులు తెరిచిన వారమే సోడా ఒక కబురు మోసుకొచ్చాడు. న్యూజెర్సీ అన్న ఫోన్‌లో చెప్పాడట, పేర్లన్నీ పూర్తిగా అయిపోయాక ఇంకో సీనుందట. ఆరుగురూ ఒక పాడుబడ్డ హోటల్లో కూర్చుని షవర్మా తింటారట. ఒక్కరూ మాట్లాడరట.

"అబద్ధం" అన్నాడు ఆటో. మేమంతా వాడి వైపే. మేం ఆఖరి పేరు దాకా కూర్చున్నవాళ్ళం, గేటు అన్న చీపురు పట్టుకొచ్చి వెళ్ళగొట్టేదాకా కదలనివాళ్ళం. తెర తెల్లగా అయ్యేవరకు చూశాం, షవర్మా లేదు. ఐరన్ మ్యాన్ కిందపడి లేచాక షవర్మా తిందామంటాడు, అది నిజమే. మాట అన్నంత మాత్రాన తిన్నట్టా? సోడా ఒట్టేశాడు. అమ్మ మీద, సాయిబాబా గుడి మీద. ఎవరూ నమ్మలేదు. నేను కూడా. "అమెరికా గప్పాలు" అన్న మాట నా నోటినుంచే వచ్చింది. సోడా ఆ తర్వాత చాలా రోజులు ఆటకు రాలేదు. చెల్లె వచ్చేది గానీ మాతో మాట్లాడేది కాదు.

సోడా చెప్పింది నిజం, మేం చూసిందీ నిజం. ఏప్రిల్ 11న లాస్ ఏంజెలస్‌లో ప్రీమియర్ అయ్యాక, మర్నాడు ఆ ఆరుగురినీ మళ్ళీ పిలిచి ఆ చిన్న ముక్క తీశారు. అమెరికాలో మే 4న వేసిన సినిమాలో అది ఉంది. వారం ముందు మనకొచ్చిన ప్రింట్లలో లేదు. పదకొండేళ్ళ పిల్లలకు ఈ సంగతి ఎవరు చెబుతారు? ఒకే సినిమాకు రెండు ఊళ్ళలో రెండు ముగింపులు ఉంటాయని తెలియక ఒక స్నేహితుణ్ణి అబద్ధాలకోరును చేశాం.

2013 ఫిబ్రవరి 21, గురువారం. రాత్రి ఏడు కావస్తోంది. ట్యూషన్‌లో ఉన్నాం. ముందొక పెద్ద శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాం. వెంటనే ఇంకొకటి. అవి బాంబులు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి హాళ్ళ దగ్గర, బస్టాపు కాడ, మిర్చి బండి కాడ. మేం రోజూ నిలబడి ఎవరు గొప్ప అని అరుచుకునే చోటు అదే. 18 మంది పోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో కోచింగ్ కోసం ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలున్నారు. సూర్యాపేట అన్న ఫోను కలవలేదు. పదిన్నరకు నడుచుకుంటూ వచ్చి మా మెట్ల మీద కూర్చుని నీళ్ళడిగాడు. నానమ్మ ఆయన తలంతా నిమిరి చూసింది.

ఆటో వాళ్ళ నాన్న ఇంకా ఆలస్యంగా వచ్చాడు. దొరికిన బండి దొరికినట్టు జనం గాయపడ్డవాళ్ళను ఎక్కించి దవాఖానాలకు పంపిన రాత్రి అది. వీధి కొళాయి దగ్గర ఆయన ఆటో వెనక సీటు కడుగుతుంటే డాబా మీద నుంచి చూశాను. బకెట్టు తర్వాత బకెట్టు. పక్కన ఆటో నిలబడి మగ్గు అందిస్తున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. ఆ రాత్రి నేను పైనుంచి ఎవరికీ కేకెయ్యలేదు.

ఆ వేసవిలో సోడా వాళ్ళింట్లో డీవీడీ పెట్టారు. వాళ్ళ అమ్మే అందర్నీ పిలిచింది. అదే సినిమా, మాకు వేరేగా కనబడింది. న్యూయార్క్ వీధిలో అద్దాలు పగిలి పడుతుంటే ఎవరూ ఈల వెయ్యలేదు. ఇంతకుముందు ఫైటు మధ్యలో అడ్డమనుకున్న సీన్లు ఇప్పుడు కళ్ళలో పడ్డాయి. కెప్టెన్ కారెక్కి పోలీసులకు చెబుతుంటాడు, జనాన్ని ఎటు పంపాలో, ఏ వీధి దాకా కాపలా పెట్టాలో. బ్యాంకులో ఇరుక్కుపోయినవాళ్ళను బయటికి పంపేదీ అతనే. ఆటో రిమోట్ తీసుకుని ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

పేర్లన్నీ అయిపోయాయి. ఎవరూ కదల్లేదు. అప్పుడొచ్చింది షవర్మా సీను. విరిగిన కుర్చీల మధ్య ఆరుగురు, దుమ్ము కొట్టుకుపోయి, నములుతున్నారు. కెప్టెన్ చెయ్యి మొహానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఇంకో సినిమా కోసం పెంచిన గడ్డం దాచడానికి ఆ నటుడు అలా చెయ్యి పెట్టుకున్నాడని తర్వాత చదివాను. ఆ రోజు మాత్రం ఆటో అన్నాడు: "మస్తు అలిసిపోయిండు." కాసేపాగి, "కెప్టెన్ నేను తీసుకుంటా" అన్నాడు. హల్క్‌ను ఎవరికిస్తావని కూడా మేం అడగలేదు.

సోడాకు సారీ ఎలా చెప్పాలో తెలియలేదు. మామిడికాయల లెక్కలు రాసినందుకు మార్కెట్‌కు వాళ్ళ నాన్న ఇచ్చిన డబ్బులు, నా దగ్గరున్న చిల్లర, అన్నీ కలిపి మెయిన్‌ రోడ్డు మీద రెండు షవర్మాలు కొన్నాం. మాలో ఎవరూ అంతకుముందు తినలేదు. అయిదుగురం పంచుకున్నాం. మొదటి కొరుకు సోడాది.

2018 ఏప్రిల్‌లో ఇన్ఫినిటీ వార్ వచ్చేసరికి మేం ఇంటర్ పరీక్షలు రాసేసి ఎంసెట్ పుస్తకాల మీద కూర్చున్నాం. ఆరేళ్ళ కింద ఎండలో సగమే కనబడిన ఊదా మొహం, థానోస్, ఇప్పుడు పూర్తిగా వచ్చింది. తెలుగులో రానా గొంతుతో వచ్చింది. భల్లాలదేవుణ్ణి చూసిన హాలు ఆ గొంతు వినగానే హోరెత్తింది. ఆ గొంతుకు ఒక రాజసం ఉంది, థానోస్‌ను ఊరికే రాక్షసుడని తోసెయ్యలేం. చిటికె వేశాక మాత్రం ఆ హాల్లో విన్న నిశ్శబ్దం నేను మరే తెలుగు హాల్లోనూ వినలేదు. ఒక్కొక్కరే బూడిదైపోతుంటే సోడా చెల్లె నా మోచెయ్యి పట్టుకుంది. బయటికొచ్చి, ఇంకా రైలు నడవని మెట్రో పిల్లర్ల కింద నిలబడి పన్నెండు దాకా వాదించుకున్నాం, ఎవరు తిరిగొస్తారు, ఎవరు రారని.

ఆ సెప్టెంబర్ 24న ఎల్బీనగర్ మెట్రో మొదలైంది. తర్వాతి ఏడాది ఏప్రిల్ 26న ఎండ్‌గేమ్. అప్పటికి మేం నాలుగు కాలేజీల్లో ఉన్నాం. సూర్యాపేట అన్నకు ఉద్యోగమొచ్చి చాలా కాలమైంది. నానమ్మ లేదు. అయినా అయిదుగురం కలిశాం, అయిదు సీట్లూ ఒకే వరుసలో. ఐరన్ మ్యాన్ చిటికె వేసినప్పుడు సోడా అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చీకట్లో వాడికేం కనబడిందో.

పేర్లు మొదలయ్యాయి. అలవాటుగా కూర్చున్నాం. చుట్టూ వరుసలు ఖాళీ అయ్యాయి. ఈసారి వెనక ముక్క లేదు. ఆఖర్న ఒక్క శబ్దం, ఇనుము మీద సుత్తి దెబ్బలు. ఐరన్ మ్యాన్ తన మొదటి సినిమాలో గుహలో కూర్చుని కవచం కొట్టుకున్నప్పటి చప్పుడు. తెర నల్లగానే ఉంది.

ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చేసరికి ఆఖరి మెట్రో టైమ్ దగ్గరపడింది. సోడా అయిదు షవర్మాలు చెప్పాడు, ఈసారి ఎవరిది వాళ్ళకు. బండి పక్కన ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నాం. ఆటో మోచెయ్యి మోకాలి మీద ఆనించి, చెంపకు చెయ్యి పెట్టుకున్నాడు. పైన రైలొచ్చి ఆగి, వెళ్ళిపోయింది. ఎవరూ లేవలేదు, ఎవరూ మాట్లాడలేదు. తిన్నాం.