పాలారు ఒడ్డున

బెంగుళూరు నుంచి చెన్నైకి రైలెక్కితే కుప్పం, జోలార్‌పేట దాటాక వాణియంబాడి, ఆంబూరు వస్తాయి. ఇది పాలారు లోయ. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడు చేరే ఈ నది పొడవు 348 కిలోమీటర్లు. మూడు రాష్ట్రాల తెలుగువారికీ చుట్టమే.

ఈ మధ్య బంధువుల పెళ్ళికి ఆంబూరు వెళ్ళినప్పుడు తీరిక చేసుకుని నది చూడబోయాను. ఏటి నిండా ఇసుక, ముళ్ళకంప. వెంట వచ్చిన పెద్దాయన తన పొలంలోని బావి చూపించి, "ఈ నీళ్ళు గొడ్లు గూడా ముట్టవు నాయనా" అన్నారు.

కారణం తోళ్ళ పరిశ్రమ. కిలో తోలు తయారీకి సుమారు 35 లీటర్ల నీరు కావాలి. ఆ నీరు ఉప్పుతో, క్రోమియంతో బయటికొస్తుంది. పరిశ్రమ వేలాదిమందికి అన్నం పెడుతున్న మాటా నిజమే. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, పాడుచేసినవారే నష్టం భరించాలని తీర్పిచ్చి, ఒక్కొక్క కర్మాగారానికి 10,000 రూపాయల జరిమానా వేసింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వెలిశాయి. అయినా 2015 జనవరి 31న రాణిపేటలో అలాంటి కేంద్రంలో వ్యర్థాల తొట్టి గోడ కూలి 10 మంది చనిపోయారు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్ళీ ఈ పాలారు గురించే తీర్పు చెప్పి, పర్యవేక్షణకు కమిటీ వేయమంది.

చట్టం లేక కాదు, చూసేవారు లేక వచ్చిన చిక్కు ఇది. మా బ్యాంకు పనిలో అప్పు మంజూరుతో బాధ్యత తీరదు. స్టాకు స్టేట్‌మెంటు అప్పు తీసుకున్నవాడే రాసిస్తాడు. అందుకే మేము చెప్పకుండా వెళ్ళి గోడౌను తలుపు తీయిస్తాం.

పర్యావరణ అనుమతులకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం, అనుమతి పొందిన ప్రాజెక్టువారు షరతులు ఎలా పాటిస్తున్నదీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదించాలి. రాసేది వారే కనుక, గోడౌను తలుపు తీసేవారు కూడా ఉండాలి. అధికారులు తరచు రాకపోవచ్చు. ఊరివారు రోజూ అక్కడే ఉంటారు.

ఆ నివేదికలు బహిరంగ పత్రాలేనని అదే నోటిఫికేషను చెబుతోంది. దరఖాస్తు పెడితే ఎవరికైనా నకలు ఇవ్వాలి. మీ ఊరి పక్కన గనో, ఫ్యాక్టరీయో ఉంటే ఒక నకలు తెప్పించుకోండి. కాగితంలో ఉన్నదీ, కాలువలో పారుతున్నదీ ఒకటేనా అని ఓసారి సరిచూడండి.