ఔడెవాటరు త్రాసు

సత్యభామ చేసిన తులాభారము కథ మనమందరము ఎరిగినదే. నిరుడు నేను వేరొక తులాభారమును చూచితిని. చూచుటయే గాక స్వయముగా త్రాసు నెక్కితిని.

మా అమ్మాయి నెదర్లాండ్సు దేశమున ఉట్రెక్ట్ నగరమందు కాపురముండుటచే వేసవిలో నేనచ్చటికి వెళ్లితిని. ఒకనాడు మే మిరువురము సమీపమందలి ఔడెవాటరు అను చిన్న పట్టణమునకు పోతిమి. అది ఐసెల్ అను పేరుగల యొక చిన్న యేటి యొడ్డున నున్నది. ఇండ్ల ముంగిట కాలువలు, వానిపై వంతెనలు. 1265లో ఉట్రెక్ట్ బిషప్పు దానికి పట్టణపు హక్కుల నొసగెను. చుట్టుప్రక్కల పండిన నారతో త్రాళ్లు పేనుట పూర్వ మీ యూరివారి వృత్తి.

ఈ యూరు కష్టము నెరిగినది. 1575 ఆగష్టు 7వ తేదీన స్పెయిను సైనికులు పట్టణమును పట్టుకొని, స్త్రీలని బిడ్డలని చూడక జనులను చంపి, ఇండ్లు తగులబెట్టిరి. ప్రసిద్ధ మతపండితుడగు ఆర్మీనియసు ఈ యూరివాడే. అతడు వేరొకచోట చదువుకొనుచుండుటచే బ్రతికెను గాని, అతని తల్లియు తోబుట్టువులును హతులైరి.

ఇట్టి యూరికి పేరు తెచ్చినది యొక త్రాసు. ఆ కాలమున యూరపు ఖండమందు మంత్రగత్తెలను నెపమున వేలకొలది జనులను చంపిరి. పురుషులును కొందరు బలియైరి గాని, హెచ్చుమంది స్త్రీలే. మంత్రగత్తెకు బరువుండదనియు, అందుచేతనే చీపురుకట్ట నెక్కి యెగురగలదనియు నాటివారి నమ్మకము. ఒక యూర లంచము తిన్న తూనికవాడు ఒక స్త్రీ అయిదు పౌనులే తూగినదని చెప్పగా, ఐదవ చార్లెసు చక్రవర్తి ఆమెను ఔడెవాటరులో మరల తూయించి, నూరు పౌనులు తూగుట చూచి విడిపించెనని కథ చెప్పుదురు. ఇది కథయే, దానికి పత్రాధారము లేదు.

కథ యెట్లున్నను, పని మాత్రము నిజము. జున్నుగడ్డలను, నారకట్టలను తూచు త్రాసుమీదనే నింద పడినవారిని తూచి, వారి యొడ్డుపొడుగులకు తగిన బరువు కలదని పత్రము వ్రాసి యిచ్చెడివారు. అందుకై జర్మను దేశమునుండి సయితము జనులు వచ్చెడివారు. 1729లో గూడ ఒక దంపతులట్లు తూగిరి. ఆ త్రాసుపై ఒక్కరైనను మంత్రగత్తెగా తేలలేదు! మంత్రగత్తెలు లేరని ఆ యూరివారు వాదింపలేదు. ఉన్న బరువును ఉన్నట్లు చెప్పిరి. అంతమాత్రముననే ప్రాణములు నిలిచినవి.

నేడు చూడవచ్చిన వారినిగూడ తూచి పత్రమిచ్చుచున్నారు. నేను త్రాసు నెక్కగా అందరును నవ్విరి, మా అమ్మాయియు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు.

మా పుట్టినూరు గోదావరి యొడ్డున నున్నది. నా చిన్నతనమున మా వీథి చివర నొక ముసలమ్మ యొంటరిగా నుండెడిది. ఆమె చిల్లంగి పెట్టునని నూతికడ ఆడవారు గుసగుసలాడెడివారు. ఒకనా డామె నన్ను పిలిచి జామపండు చేతిలో పెట్టినది. నేనా పండును ఆమె కన్నులయెదుటనే మురుగుకాలువలో విసరివైచి పరుగెత్తితిని. ఆమె యొక్క మాటయు ననలేదు. ఆ యేడే ఊరు విడిచిపోయినది. ఎక్కడికని ఎవరును అడుగలేదు. మా యూర ఔడెవాటరు త్రాసు లేదు. ఉన్నను, ఆమెను దానికడకు చేయిపట్టి తీసికొనిపోవువారు లేరు.

చేతబడి యనియు, బాణామతి యనియు దిక్కులేనివారిని కొట్టి చంపిన వార్తలు మన తెలుగుదేశమున నేటికిని వినబడుచునే యున్నవి. చంపునది వీథిలోని మూక. కాని ఆ మాట మొదట పుట్టునది నూతికడను, వంటయింటను గాదా? అది మన బిడ్డల చెవిని పడకమునుపే దానిని తూచి చూడవలసినవారము మనమే.

ఆ పత్రమును నా పెట్టెలో దాచితిని. అప్పుడప్పుడు దానిని తీసి చూచుకొందును. అందున్నది నా పేరే. కాని నాకు జ్ఞాపకము వచ్చునది ఆ ముసలమ్మ.