పదికీ వందకూ మధ్య

కుకునూరుపల్లి నుంచి వచ్చిన ఇద్దరు తోడికోడళ్లను నేను ఇప్పటికీ మరువలేదు. నా పదవీ విరమణకు కొన్నేళ్ల ముందటి మాట. చిన్నామెకు గ్రేవ్స్ వ్యాధి. గుండెదడ, చేతుల వణుకు, ఎంత తిన్నా తగ్గిపోయే బరువు. పెద్దామెకు థైరాయిడ్ క్యాన్సర్. గ్రంథిని శస్త్రచికిత్సతో తీసివేశారు. ఇద్దరికీ హైదరాబాదులో రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చారు. “సారూ, అక్కకు వంద ఇచ్చిండ్రు, నాకు పదే ఇచ్చిండ్రు. నాకు మందు తక్కువైనట్టా?” అని చిన్నామె అడిగింది.

బయట రోగులు బారులు తీరి ఉన్నారు. “నీ జబ్బు చిన్నదమ్మా, అందుకే మందూ చిన్నది” అని పంపివేశాను. అది తప్పు సమాధానం. తనది వంద గనుక ఇక బతకనని నిశ్చయించుకొని పెద్దామె తదుపరి పరీక్షలకు వెళ్లడమే మానివేసిందని కొన్ని నెలలకు తెలిసింది.

పాఠకులారా, ఆనాడు చెప్పవలసినది ఇది. మింగిన మోతాదు ఒకటి, గ్రంథి పట్టి ఉంచుకొనేది మరొకటి. అతిగా పనిచేసే గ్రంథి అయోడిన్‌ను ఆబగా పీల్చుకుంటుంది. అందుకే కొందరు వైద్యులు ముందుగా 24 గంటల్లో అది ఎంత శాతం పీల్చుకుంటున్నదో కొలుస్తారు. గ్రంథి బరువు 40 గ్రాములు, గ్రాముకు 150 మైక్రోక్యూరీలు అందాలనుకుందాం; మొత్తం 6,000. పీల్చుకొనేది 60 శాతమే గనుక 10,000, అంటే 10 మిల్లీక్యూరీలు ఇవ్వాలి. అదే గ్రంథి 30 శాతమే పీల్చుకుంటే 20 కావాలి. ఈ లెక్క లేకుండా అందరికీ 10 లేదా 15 ఇచ్చే పద్ధతీ ఉన్నది, అదీ శాస్త్రసమ్మతమే. తరువాత గ్రంథి మందగించి జీవితాంతం థైరాక్సిన్ మాత్ర వేసుకోవలసి రావడం చికిత్స వికటించడం కాదు, చాలామందిలో ఆశించే ఫలితమే.

క్యాన్సర్‌లో గ్రంథి ముందే పోయింది. మిగిలిన కాసిన్ని కణాలు అయోడిన్‌ను అంతగా పట్టుకోవు, పైగా వాటిని పూర్తిగా నిర్మూలించాలి. కనుక అంకె పెద్దది. అదీ మారుతూ వస్తున్నది: ముప్పు తక్కువగా ఉన్నవారిలో మిగులు కణజాలాన్ని తొలగించడానికి 100 చేసే పనిని 30 కూడా చేస్తుందని 2012లో ఫ్రాన్సు, బ్రిటన్ దేశాల పరిశోధనలు చూపాయి. వ్యాధి ఇతర అవయవాలకు పాకితే 150, 200 వరకూ వెళతారు.

మోతాదు ఎంతైనా గర్భిణులకు ఈ మందు ఇవ్వరాదు. చనుబాలిచ్చే తల్లి ముందుగానే పాలు మాన్పించాలి. తీసుకున్నవారు కొన్నాళ్లు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. కిక్కిరిసిన బస్సులో రాజీవ్ రహదారి మీద ఇంటికి వెళ్లవచ్చునా అన్నది కూడా వైద్యుణ్ణి అడిగి తీరవలసిన ప్రశ్నే. ఎవరూ అడగరు.

పెద్దామెను పిలిపించాను. మందుచీటీ వెనుక గ్రంథి బొమ్మ గీసి, మరిది భార్యకు అది ఉన్నదనీ తనకు లేదనీ చూపించాను. చాలాసేపు చూసి, “మరి గంత మందు ఎటు పోయింది సారూ?” అన్నది.

“చాలావరకు రెండు మూడు రోజుల్లో మూత్రంలో పోయిందమ్మా. అందుకే కదా నిన్ను ప్రత్యేక గదిలో ఉంచి, నీళ్లు బాగా తాగమన్నది!”

“క్యాన్సర్ ముదిరిందని ఉంచిండ్రనుకున్న,” అన్నది. మరుసటి వారమే థైరోగ్లోబ్యులిన్ పరీక్షకు వెళ్లింది.