సినిమా రైలు, మన రైలు

టీవీలో రైలు సినిమా వస్తే ఆ రోజు మా ఇంట్లో వంట ఆలస్యమే. విలన్ పెట్టె కిందకి దూరి బ్రేకు గొట్టం కోసేస్తాడు. ఇక రైలు ఆగదు, హీరో పెట్టెల మీద పరుగు. "నిజంగా అలా అవుద్దేటమ్మా?" అని మా చిన్నాడి ప్రశ్న.

అవదు. జరిగేది దానికి సరిగ్గా తిరగేసి. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక గొట్టంలో గాలి నింపి ఉంచుతారు. ఆ గాలి ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు వదులుగా ఉంటాయి. గొట్టం తెగితే గాలి పోయి, అన్ని పెట్టెలకూ బ్రేకులు వాటంతటవే పడతాయి. వెస్టింగ్‌హౌస్ అనే ఆయన 1872లోనే ఈ ఏర్పాటు కనిపెట్టాడు. మనం చైను లాగినా పోయేది ఆ గాలే.

2003లో వచ్చిన 'పలనాటి బ్రహ్మనాయుడు'లో బాలకృష్ణ సైగ చేస్తే రైలు వెనక్కి వెళ్తుంది. దాన్ని ఎవరూ నమ్మరు, నవ్వుకుని వదిలేస్తాం. నాకు భయం నమ్మేలా ఉండే సీనుతోనే. పట్టాల మీద పిల్ల, డ్రైవరు బ్రేకు వేశాడు, రైలు జానెడు దూరంలో ఆగింది!

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం. రెండూ తాకేది రూపాయి బిళ్ళంత చోటే. అంత తక్కువ పట్టుతో, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఆగాలంటే దాదాపు కిలోమీటరు కావాలి. డ్రైవరుకి మనం కనిపించేసరికి అంత దూరం ఎక్కడిదండీ?

మా కొత్తవలస అవతల, కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబరు 29 రాత్రి పలాస పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 10 మందికి పైగా పోయారు. అక్కడ విలన్ లేడు, గొట్టం ఎవరూ కోయలేదు. సిగ్నళ్లు చెడినచోట 2 నిమిషాలు ఆగి, గంటకు 10 కిలోమీటర్లు మించకుండా వెళ్లాలన్న నియమం పాటించలేదని ప్రాథమిక విచారణలో తేలింది. మనం రోజూ ఎక్కే బళ్ళే అవి. సంత సంచులు, టిఫిను డబ్బాలు, ఇంటికెళ్లి అన్నం వండాలన్న తొందర, ఆ పెట్టెల్లో ఉండేది ఇదే కదా.

అందుకే మా ఎస్.కోటలో గేటు పడ్డాక కిందనుంచి దూరి వెళ్లేవాళ్లని చూస్తే నా గుండె ఆగినంత పని అవుతుంది. "చూసుకుని బ్రేకేస్తాడులే" అంటారు. వేస్తాడమ్మా, పాపం. ఆగేది మాత్రం మనల్ని దాటి చాలా దూరం వెళ్లాకే. ఈ లెక్క మాత్రం పిల్లలకి ఇంట్లో మనమే చెప్పాలి, ఏ సినిమా చెప్పదు.